వైజాగ్ నుంచి కుక్కనో పిల్లినో విదేశానికి తీసుకెళ్ళాలంటే: ఏ కాగితం, ఎప్పుడు, ఏ వరసలో

"వచ్చే నెలాఖరుకి ఫ్లైట్ అండీ, మా లాబ్రడార్‌ని కూడా తీసుకెళ్ళాలి, ఏమేం కాగితాలు కావాలి?" వైజాగ్ పాఠకుల నుంచి పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. చాలా దేశాలకు నెల చాలదు. యూరప్‌కైనా బ్రిటన్‌కైనా రేబిస్ టీకా వేసిన రోజు నుంచి తక్కువలో తక్కువ నాలుగు నెలలు పడుతుంది. జపాన్‌కైతే ఏడు నెలల పైమాటే. డబ్బు పెట్టినా, తెలిసినవాళ్ళ చేత చెప్పించినా ఈ గడువు తగ్గదు. ఆ జంతువుకి రేబిస్ సోకలేదని తేల్చుకోడానికి ఆ దేశాలు పెట్టుకున్న నిరీక్షణ అది.

ఇందులో ఏ ఒక్క పనీ కష్టం కాదు. వరస తప్పితేనే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది. మనకి ఇంకో చిక్కు కూడా ఉంది. చివరి సర్కారీ ముద్ర వైజాగ్‌లో పడదు, దానికోసం ఊరు దాటాలి. ఈ రెండూ మనసులో పెట్టుకుని కింద చెప్పిన వరసలోనే వెళ్ళండి.

1. ముందు దేశం సంగతి తేల్చుకోండి, తర్వాతే వెట్ దగ్గరకి

రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల్లో మనదీ ఒకటని చాలా దేశాలు లెక్కేస్తాయి. పారిస్ నుంచి బెర్లిన్ వెళ్ళే కుక్కకు లేని షరతులు గాజువాక నుంచి వెళ్ళే కుక్కకు ఉంటాయి. అందుకని విదేశాల్లో ఉండేవాళ్ళు పెట్టిన వీడియోలు చూసి పని మొదలుపెట్టకండి. వెళ్ళబోయే దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇండియా ఏ వర్గంలో ఉందో చూసి, ఆ పేజీ ప్రింట్ తీసుకుని పెట్టుకోండి. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే దేశాల సంగతి ఇదీ.

యూరోపియన్ యూనియన్: మైక్రోచిప్ (జంతువును నంబరుతో గుర్తుపట్టే చిన్న చిప్), ఆ తర్వాత రేబిస్ టీకా, 30 రోజులు దాటాక రక్తపరీక్ష, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలల ఎదురుచూపు. చివర్లో ప్రభుత్వ పశువైద్యాధికారి ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్. ఐర్లండ్, ఫిన్లండ్, మాల్టాకు వెళ్ళే కుక్కలకు టేప్‌వార్మ్ (బద్దెపురుగు) మందు అదనం.

బ్రిటన్: యూరప్ షరతులే, కుక్కకైతే టేప్‌వార్మ్ మందు కూడా. ఈ మందు ఆ దేశంలో దిగడానికి 24 గంటల కంటే ముందు, 120 గంటల లోపు పట్టించి ఉండాలి. విమానంలో అయితే కుక్కైనా పిల్లైనా కార్గోగానే దిగాలి. క్యాబిన్‌లో ఒళ్ళో పెట్టుకుని లండన్‌లో దిగడం కుదరదు.

అమెరికా: కుక్కల నిబంధనలు 2024 ఆగస్టు 1 నుంచి మారాయి. పాత అనుభవాలు విని వెళ్తే ఎయిర్‌పోర్టులో ఇరుక్కుంటారు. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) దిగుమతి ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, ఇది ఉచితం. మన దగ్గర టీకా వేయించిన కుక్కకు వీటితో పాటు ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన టీకా, చిప్ ఫారం ఉండాలి. సీడీసీ నమోదు చేసిన యానిమల్ కేర్ కేంద్రంలో ముందే బుకింగ్ చేసుకోవాలి. అలాంటి కేంద్రాలున్నవి అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలెస్, మయామీ, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయాలు. వాటిలో ఒకదానిలోనే దిగాలి. డాలస్, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోలకు నేరుగా టికెట్ కొనేసినవాళ్ళు ముందుగా అది మార్చుకోండి. టైటర్ (టీకా ఒంట్లో పట్టిందో లేదో చూసే రక్తపరీక్ష) ఫలితం లేకపోతే 28 రోజుల క్వారంటైన్, ఆ ఖర్చు మీదే. కుక్క ఒంటి మీద పుండ్లలో స్క్రూవార్మ్ పురుగు లేదన్న పరీక్ష కాగితం కూడా అడుగుతారు. పిల్లికి సీడీసీ రేబిస్ కాగితం అడగదు గానీ రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, విమాన సంస్థలు కూడా అడుగుతాయి. కాబట్టి పిల్లికి కూడా టీకా వేయించే తీసుకెళ్ళండి.

అమెరికా నుంచి కుక్కతో సెలవులకు వైజాగ్ వచ్చి మళ్ళీ వెళ్ళేవాళ్ళు ఒక పని అక్కడ బయల్దేరకముందే చేసుకోవాలి. అమెరికాలో వేసిన టీకా సర్టిఫికెట్‌ను అక్కడి వ్యవసాయ శాఖ చేత ధ్రువీకరించుకుని రావాలి. ఇక్కడికొచ్చాక ఆ ముద్ర వేయించుకోడానికి దారి లేదు.

కెనడా: యజమానితో వెళ్ళే సొంత కుక్కకు రేబిస్ టీకా సర్టిఫికెట్ ముఖ్యం. వాణిజ్య వర్గం కింద వచ్చే కుక్కలను మాత్రం మన లాంటి దేశాల నుంచి 2022 సెప్టెంబరు 28 నుంచి అనుమతించడం లేదు. "మేం ముందు వెళ్తాం, కుక్కని తర్వాత కార్గోలో పంపిస్తారు" అనుకునేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త పడాలి. యజమాని వెంట లేకపోతే వర్గమే మారిపోవచ్చు.

యూఏఈ: దిగుమతి పర్మిట్ ముందే తీసుకోవాలి, టైటర్ పరీక్ష తప్పనిసరి. రాట్‌వైలర్, డాబర్‌మన్, పిట్‌బుల్ లాంటి జాతులకు అనుమతి లేదు.

సింగపూర్: దిగుమతి లైసెన్సుతో పాటు క్వారంటైన్ కేంద్రంలో చోటు ముందే బుక్ చేసుకోవాలి. నెల దాకా అక్కడే ఉంచే పరిస్థితికి సిద్ధపడండి.

జపాన్: చిప్ తర్వాత రెండు రేబిస్ టీకాలు, టైటర్, రక్తం తీసిన రోజు నుంచి 180 రోజుల ఎదురుచూపు. చేరడానికి 40 రోజుల ముందే అక్కడి క్వారంటైన్ శాఖకు సమాచారం ఇవ్వాలి.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్: ఇండియా నుంచి నేరుగా కుదరదు. వాళ్ళు ఆమోదించిన వేరే దేశంలో నెలల తరబడి ఉంచి, అక్కడి నుంచి తీసుకెళ్ళాలి. దీనికి ఏజెంటు సాయం లేకుండా దిగొద్దు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. రెండు మూడు వారాల విహారానికైతే తీసుకెళ్ళకండి. నమ్మకమైన ఇంట్లో వదలడమే దానికి సుఖం. పన్నెండేళ్ళు దాటిన కుక్కను, గుండె జబ్బు ఉన్నదాన్ని కార్గోలో ఎక్కించే ముందు మీ వెట్‌తో మనసు విప్పి మాట్లాడండి. అదే సమయంలో, ఉద్యోగం వచ్చిందనో పెళ్ళయిందనో పెంచుకున్న ప్రాణిని బీచ్ రోడ్డు మీద వదిలేసి వెళ్ళేవాళ్ళని చూస్తుంటే కడుపు మండుతుంది. నాలుగైదు నెలల ముందు మొదలుపెడితే చాలా దేశాలకు తీసుకెళ్ళగలరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రామచిలుక సంగతి కూడా అడుగుతున్నారు. మన దేశపు చిలుకలను ఇంట్లో పెంచడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, విదేశానికి తీసుకెళ్ళడం అసలే కుదరదు. ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలుకలకు సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతులు కావాలి, ఆ దారి వేరు. ఇక్కడ చెప్పేదంతా కుక్కలకూ పిల్లులకే.

2. క్యాలెండర్ మీద వెనక్కి లెక్కపెట్టండి

ప్రయాణం తేదీ రాసుకుని వెనక్కి రండి. జర్మనీకి సెప్టెంబరు 10న దిగాలనుకుందాం.

• మూడు నెలల ఎదురుచూపు ఉంది కాబట్టి రక్తం తీసే ఆఖరి తేదీ జూన్ 10.
• రక్తానికి కనీసం 30 రోజుల ముందు టీకా పడాలి కాబట్టి టీకా ఆఖరి తేదీ మే 11.
• చిప్ అదే రోజు టీకాకు ముందు, లేదా అంతకంటే ముందే.

ఇది ఒక్క రోజు కూడా జారకూడని లెక్క. నిజ జీవితంలో వెట్ ఊళ్ళో ఉండరు, శాంపిల్ పాడవుతుంది, ఫలితం తక్కువ రావచ్చు. అందుకని పైన ఇంకో నెల కలుపుకుని ఏప్రిల్ మొదట్లోనే చిప్ వేయించండి.

పిల్లలు, అంటే చిన్న కుక్కపిల్లలు, పిల్లికూనలకు ఇంకో లెక్క ఉంది. రేబిస్ టీకా 12 వారాలు నిండాకే చెల్లుతుంది. దానికి 30 రోజులు, ఆపైన మూడు నెలలు కలిపితే దాదాపు ఏడు నెలలు వచ్చేదాకా మన కుక్కపిల్ల యూరప్‌లో అడుగుపెట్టలేదు. వీసా చేతికొచ్చాక కుక్కపిల్లను కొనుక్కునేవాళ్ళు ఈ లెక్క చూసుకోండి.

3. మైక్రోచిప్: మొదటి పని ఇదే, టీకా కాదు

చిప్ బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. భుజాల మధ్య చర్మం కింద సూదితో ఎక్కిస్తారు. మత్తు అక్కర్లేదు. ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాల ప్రకారం 15 అంకెలది కావాలి.

ఎక్కించే ముందు డాక్టరు గారి చేత ప్యాకెట్‌లోని చిప్‌ను స్కానర్‌తో చదివించండి. ఎక్కించాక మళ్ళీ చదివించండి. తెర మీద వచ్చిన 15 అంకెలను ఒక్కొక్కటిగా పైకి చదువుతూ స్టిక్కర్‌తో సరిచూసుకోండి. మధ్యలో ఒక్క సున్నా తేడా వచ్చినా కాగితాల్లో ఉన్నది వేరే కుక్క అయిపోతుంది.

చిప్ కొన్నిసార్లు చర్మం కింద జరుగుతుంది. తర్వాతెప్పుడైనా స్కానర్ పలక్కపోతే కంగారుపడకుండా మెడ నుంచి రెండు భుజాల మీదుగా, ముందు కాళ్ళ పైభాగం దాకా మెల్లగా తిప్పి చూడమనండి.

చిప్ సర్టిఫికెట్‌లో ఉండాల్సినవి:

• 15 అంకెల నంబరు, దాని స్టిక్కర్
• ఎక్కించిన తేదీ, ఒంట్లో ఎక్కడ
• జంతువు పేరు, జాతి, రంగు, పుట్టిన తేదీ, ఆడా మగా
• యజమాని పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే
• డాక్టరు గారి సంతకం, ముద్ర, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు

యజమాని పేరు దగ్గర మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు చిక్కు ఎక్కువ. టీకా పుస్తకంలో "సురేష్ గారు" అని, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా మూడు ముక్కల పేరు ఉంటే పై అధికారి ప్రశ్నిస్తారు. మొదటి రోజే పాస్‌పోర్టు చూపించి దాని ప్రకారం రాయించండి. జాతి కూడా అంతే. వీధిలోంచి తెచ్చి పెంచుకున్నది అయితే ఒక కాగితంలో "ఇండియన్", ఇంకోదాంట్లో "మిక్స్‌డ్", మరోదాంట్లో "లాబ్ క్రాస్" అని ఉండకూడదు. ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే రాయించండి.

4. రేబిస్ టీకా: చిప్ పడ్డాక వేసినదే లెక్క

అందరికంటే ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఏళ్ళ తరబడి క్రమం తప్పకుండా టీకాలు వేయించి ఉంటారు, చిప్ మాత్రం నిన్న వేయిస్తారు. చిప్‌కు ముందు వేసిన టీకాలేవీ ఈ లెక్కలోకి రావు, ఎందుకంటే ఆ టీకా ఈ కుక్కకే వేశారని చెప్పే గుర్తు ఆనాడు లేదు. అలాంటప్పుడు చిప్ పడ్డాక టీకా మళ్ళీ వేయించాలి, 30 రోజుల లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది.

టీకా సర్టిఫికెట్‌లో చిప్ నంబరు, టీకా పేరు, తయారీ సంస్థ, బ్యాచ్ నంబరు స్టిక్కర్, వేసిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ తేదీ ఉండాలి. మన దగ్గర టీకా పుస్తకంలో స్టిక్కర్ అంటించి దాని మీద అడ్డంగా సంతకం పెట్టడం అలవాటు. సంతకం బ్యాచ్ నంబరు మీద పడి కనపడకుండా పోతే కాగితం పనికిరాదు. పక్కన పెట్టమని మర్యాదగా అడగండి, ఏ డాక్టరూ కాదనరు.

బూస్టర్ తేదీ దాటనివ్వకండి. ఒక్క రోజు దాటినా యూరప్, బ్రిటన్ లెక్కలో అది మళ్ళీ మొదటి టీకాయే. చేయించిన టైటర్ కూడా పోతుంది.

5. టైటర్ పరీక్ష: రక్తం ఇక్కడ, ల్యాబ్ అక్కడ

రేబిస్ టీకా ఒంట్లో పట్టిందా లేదా అని రక్తంలోని యాంటీబాడీలను కొలిచే పరీక్ష ఇది. మిల్లీలీటరుకు 0.5 ఐయూ లేదా అంతకు మించి రావాలి.

ఏ ల్యాబైనా చేస్తే చెల్లదు. యూరప్‌కి వెళ్ళేవాళ్ళకి యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబ్, అమెరికాకు వెళ్ళేవాళ్ళకి సీడీసీ ఆమోదించిన ల్యాబ్ కావాలి. అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ రేబిస్ ల్యాబ్, ఫ్రాన్స్‌లోని నాన్సీ ల్యాబ్ లాంటివి ఇందులో పేరున్నవి. "ఇక్కడే యాంటీబాడీ టెస్ట్ చేసేస్తాం, రెండ్రోజుల్లో రిపోర్ట్" అని ఎవరైనా అంటే, ఆ ల్యాబ్ పేరు మీరు వెళ్ళే దేశపు జాబితాలో ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

శాంపిల్ విషయంలో వరస ఇలా ఉండాలి.

• ల్యాబ్ ఫారం ముందే డౌన్‌లోడ్ చేసి, చిప్ నంబరుతో సహా నింపాలి.
• రక్తం తీసే ముందు డాక్టరు గారు చిప్ స్కాన్ చేయాలి.
• రక్తం నుంచి సీరం (రక్తంలోని పసుపు రంగు ద్రవం) వేరు చేసి, ఆ సీరాన్నే చల్లగా ప్యాక్ చేసి పంపాలి. సీరం ఎర్రబారి చెడితే పరీక్ష కుదరదు.
• ట్యూబ్ మీద చిప్ నంబరు, రక్తం తీసిన తేదీ చెరిగిపోని సిరాతో రాయాలి.

వైజాగ్ ఎండల్లో, ముఖ్యంగా ఏప్రిల్ మే నెలల్లో, సీరం ట్యూబు మామూలు కవర్‌లో కొరియర్ ఆఫీసు దాకా స్కూటర్ మీద తీసుకెళ్ళకూడదు. ఐస్ ప్యాక్‌లున్న థర్మాకోల్ డబ్బాలో పెట్టండి. విదేశానికి జీవ నమూనా పంపడానికి అన్ని కొరియర్లూ ఒప్పుకోవు కాబట్టి ఈ ఒక్క పనికి పెట్ రీలొకేషన్ ఏజెంటు సాయం తీసుకోవడం తెలివైన పని.

రక్తం ఎప్పుడు తీయించాలి అన్నదానికి 30 రోజులు దాటడం కనీస నియమం. సరిగ్గా 30వ రోజు బదులు 31, 32వ రోజున తీయించండి, తేదీల లెక్కలో వాదన రాదు. అమెరికాకైతే టీకా తర్వాత 30 రోజులకూ, ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందూ తీయాలి. అంటే చిప్ నుంచి లెక్కేస్తే రెండు నెలల్లో సాధ్యమే, కానీ ఫలితం వచ్చే సమయం కూడా కలుపుకోండి.

ఫలితం 0.5 కంటే తక్కువ వస్తే బూస్టర్ వేయించి మళ్ళీ రక్తం తీయించాలి. యూరప్ మూడు నెలల లెక్క కూడా కొత్త రక్తం తేదీ నుంచే. జీవితంలో ఒకే ఒక్క టీకా పడిన కుర్ర కుక్కల్లో ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

6. ఏ ఊరి నుంచి ఎక్కాలి?

వైజాగ్ నుంచి నేరుగా విదేశానికి వెళ్ళే విమానాలు కొద్దిగానే ఉన్నాయి. సింగపూర్ విమానం నడిపే స్కూట్ పెంపుడు జంతువులను ఎక్కించుకోదు. దేశంలో తిరిగే ఇండిగో కూడా అంతే. ఎయిర్ ఇండియా బరువు పరిమితికి లోబడి ఎక్కించుకుంటుంది.

వైజాగ్ నుంచి ఎక్కొద్దనడానికి అసలు కారణం వేరే ఉంది. జంతువును విదేశానికి పంపే హెల్త్ సర్టిఫికెట్ ఇచ్చేది కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద ఉన్న యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్. దీన్ని ఏక్యూసీఎస్ అంటారు. దాని స్టేషన్లు ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి. అధికారి జంతువును కళ్ళారా చూసి సర్టిఫికెట్ ఇస్తారు కాబట్టి, విమానం ఎక్కే ఊళ్ళోని స్టేషన్‌కే వెళ్ళడం మంచిది. మనకి హైదరాబాద్ దగ్గర, చెన్నై ఆ తర్వాత.

విమాన సంస్థను ఎంచుకునేటప్పుడు ఈ ప్రశ్నలు ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో అడగండి, జవాబు ప్రింట్ తీసుకోండి.

• నా జంతువు ఈ దేశంలోకి క్యాబిన్‌లో వెళ్ళగలదా, చెక్‌ఇన్ బ్యాగేజీగానా, కార్గోగానా?
• క్యాబిన్ అయితే బ్యాగుతో కలిపి ఎంత బరువు దాకా? లుఫ్తాన్సాలో ఇది 8 కిలోలు.
• ముక్కు చప్పిడిగా ఉండే జాతులను తీసుకుంటారా?
• వేసవి నెలల్లో ఆంక్షలున్నాయా?
• దారిలో విమానం మారే చోట జంతువును ఎవరు చూస్తారు, ఎంతసేపు?

మీ టికెట్ కొనకముందే జంతువుకి చోటు ఖాయం చేసుకోండి. ఒక్కో విమానంలో ఒకటి రెండు జంతువులకే చోటుంటుంది.

పగ్, షిట్జు, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఈ జాతులకు వేడిలో ఊపిరి అందదు, కార్గోలో ప్రాణాపాయం నిజంగానే ఉంది. డిసెంబరు జనవరిల్లో, రాత్రి బయల్దేరే విమానంలో, వీలైతే మధ్యలో మారనక్కర్లేకుండా తీసుకెళ్ళండి. మే నెలలో తీసుకెళ్ళాల్సి వస్తే ప్రయాణమే వాయిదా వేసుకోమంటాను.

7. క్రేట్: కొలిచి కొనండి, రెండు నెలల ముందే ఇంట్లో పెట్టండి

అయాటా (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) జీవజంతు నిబంధనల ప్రకారం క్రేట్, అంటే జంతువును ఉంచి పంపే పెట్టె, లేకపోతే కౌంటర్ దగ్గరే వెనక్కి పంపుతారు. షాపువాళ్ళు "లాబ్ సైజు సార్" అని ఇచ్చేది తీసుకోకండి. కుక్కను గోడ పక్కన నిలబెట్టి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి టేపుతో నాలుగు కొలతలు తీయండి.

• మొదటిది: ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా
• రెండోది: నేల నుంచి ముందు కాలి మోచేయి దాకా
• మూడోది: భుజాల దగ్గర వెడల్పు
• నాలుగోది: నిలబడినప్పుడు నేల నుంచి తల పైదాకా, చెవులు నిక్కబొడిచే జాతి అయితే చెవి కొన దాకా

క్రేట్ పొడవు అంటే మొదటి కొలతకు రెండోదానిలో సగం కలపాలి. వెడల్పు మూడోదానికి రెట్టింపు. ఎత్తు నాలుగో కొలతకు పరుపు మందం కలిపి. ఉదాహరణకు ఒక లాబ్రడార్ 88, 32, 22, 68 సెంటీమీటర్లు ఉందనుకుంటే క్రేట్ లోపల పొడవు 104, వెడల్పు 44, ఎత్తు పరుపుతో కలిపి 71 రావాలి. చప్పిడి ముక్కు జాతులకు పది శాతం పెద్దది కావాలి.

నాలుగు వైపులా గాలి రంధ్రాలు, పై కింది భాగాలను కలిపే ఇనుప బోల్టులు, లోహపు తలుపు, తలుపు తెరవకుండా బయటి నుంచే నీళ్ళు పోయగల గిన్నెలు ఉండాలి. చక్రాలుంటే తీసేయాలి. "లైవ్ యానిమల్" అక్షరాలు కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు, పైకి చూపే బాణం గుర్తులు కూడా ఉండాలి.

క్రేట్ రాగానే తలుపు ఊడదీసి హాల్లో పెట్టండి. మొదటి వారం అన్నం గిన్నె గుమ్మం దగ్గర, రెండో వారం లోపల సగానికి, మూడో వారం వెనక గోడ దాకా జరపండి. తనంతట తాను లోపలికెళ్ళి పడుకోవడం మొదలయ్యాక తలుపు బిగించి ఐదు నిమిషాలు, పది నిమిషాలు, అరగంట మూసి చూడండి. తర్వాత క్రేట్‌తో సహా కారులో ఎక్కించి మధురవాడ దాకా ఒక చుట్టు తిప్పి తీసుకురండి. తోసి లోపల పెట్టకండి. ఒకసారి భయపడితే మళ్ళీ నమ్మడానికి వారాలు పడుతుంది.

8. చివరి పది రోజులు: ఏక్యూసీఎస్ సర్టిఫికెట్

యూరప్, బ్రిటన్‌ల హెల్త్ సర్టిఫికెట్ ఇచ్చిన రోజు నుంచి పది రోజుల్లోపు అక్కడ దిగాలి. అంటే ఈ ఘట్టాన్ని ముందే ముగించి కూర్చోలేరు. ఒత్తిడంతా ఇక్కడే ఉంటుంది కాబట్టి కాగితాలు ముందే సిద్ధంగా ఉండాలి.

నెల రోజుల ముందే హైదరాబాద్ ఏక్యూసీఎస్‌కు స్కాన్ కాపీలు పంపి, ఫారాలు సరిపోయాయో లేదో అడిగి, తేదీ ఖాయం చేసుకోండి. యూరప్ సర్టిఫికెట్ ఇంగ్లిషులోనూ, మొదట దిగే దేశపు భాషలోనూ ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి నెదర్లాండ్స్ వెళ్ళేవాళ్ళు జర్మన్ ఫారం తీసుకోవాలి, డచ్ ఫారం కాదు.

ఫైలులో పెట్టాల్సినవి, ఒరిజినల్స్‌తో పాటు మూడు జెరాక్సు సెట్లు:

• దరఖాస్తు, యజమాని పాస్‌పోర్టు, వీసా, టికెట్
• చిప్ సర్టిఫికెట్, టీకా పుస్తకం, రేబిస్ సర్టిఫికెట్
• టైటర్ ఒరిజినల్ రిపోర్టు
• మీ వెట్ ఇచ్చిన తాజా ఆరోగ్య ధ్రువపత్రం
• జంతువు ఫొటోలు, ముందు నుంచీ పక్క నుంచీ
• దిగుమతి పర్మిట్ అడిగే దేశమైతే ఆ కాపీ
• అమ్మకానికి కాదు, సొంత జంతువే అన్న డిక్లరేషన్
• జీవీఎంసీలో కుక్కను రిజిస్టర్ చేయించి ఉంటే ఆ రసీదు, యాజమాన్యానికి రుజువుగా

మన ఊరి గాలిలో తేమ వల్ల గోమార్లు ఏడాది పొడుగునా వదలవు. ప్రయాణానికి నెలన్నర ముందే వాటి మందు మొదలుపెట్టి, ఒకసారి రక్తపరీక్షలో వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఉందేమో చూపించుకోండి. చివరి వారంలో జ్వరం బయటపడితే ఏ డాక్టరూ ప్రయాణానికి తగినదని సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా.

బ్రిటన్ వెళ్ళేవాళ్ళు టేప్‌వార్మ్ మందు పట్టించిన తేదీతో పాటు టైము కూడా రాయించుకోవాలి. హైదరాబాద్ చేరాక పట్టించడమే మేలు. వైజాగ్‌లో పట్టించి బయల్దేరి, విమానం ఒక రోజు వాయిదా పడితే 120 గంటల గడువు దాటిపోవచ్చు.

9. వైజాగ్ నుంచి హైదరాబాద్ దాకా

పెద్ద కుక్కకు కారే నయం. తుని, రాజమండ్రి, ఏలూరు మీదుగా విజయవాడ చేరి, అక్కడి నుంచి సూర్యాపేట దారి పట్టాలి. ఆరువందల కిలోమీటర్ల పైన ఉంటుంది. తెల్లవారుజామునే బయల్దేరి, రెండు గంటలకోసారి ఆగి, పట్టీ వదలకుండా కాళ్ళు సాగదీయనివ్వండి. హైవే పక్కన ధాబాల దగ్గర వీధి కుక్కలుంటాయి, గొడవలో చిన్న గాటు పడినా సర్టిఫికెట్‌కి ఇబ్బంది. ప్రయాణానికి మూడు నాలుగు రోజుల ముందే చేరి, విశ్రాంతి ఇవ్వండి.

రైలులో అయితే ఏసీ ఫస్ట్ క్లాస్‌లో ఇద్దరి కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ పూర్తిగా మీ పేరు మీద ఉంటేనే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. టికెట్ తీసుకున్నాక కూపే కేటాయించమని రైల్వేకు అర్జీ పెట్టుకోవాలి, పార్సిల్ ఆఫీసులో కుక్కకు లగేజీ చార్జీ కట్టాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్లలో అనుమతి లేదు. గార్డు బోగీలోని కుక్కల పెట్టెలో వేసి పంపడం కుదురుతుంది గానీ, విమానానికి ముందు దాన్ని ఆ ఇరుకులో, చప్పుడులో రాత్రంతా ఉంచొద్దని నా సలహా.

10. ప్రయాణం రోజు

• బయల్దేరడానికి ఐదారు గంటల ముందు తేలికపాటి తిండి. నీళ్ళు మాత్రం ఆఖరిదాకా ఇవ్వండి.
• మత్తుమందు ఇవ్వకండి. పైన ఆకాశంలో ఊపిరి, రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది, మత్తులో ఉన్న జంతువును విమానంవాళ్ళు ఎక్కించుకోరు.
• క్రేట్‌లో అడుగున పీల్చుకునే ప్యాడ్, మీరు కట్టుకున్న పాత లుంగీనో చీర ముక్కనో వేయండి. మీ వాసన తోడుంటుంది.
• క్రేట్ పైన ప్లాస్టిక్ కవర్‌లో కాగితాల కాపీలు అంటించండి. ఒరిజినల్స్ మీ చేతి సంచిలోనే ఉండాలి.
• కార్గో అయితే కౌంటర్ వేరే చోట ఉంటుంది, చాలా గంటల ముందు అప్పగించాలి. ఆ టైము ముందే కనుక్కోండి.

11. పొరపాటు జరిగిపోయింది, ఇప్పుడేం చేయాలి?

చిప్ నంబరు ఒక కాగితంలో తప్పు పడింది. కొట్టివేతలు, వైట్‌నర్ వద్దు. అదే డాక్టరు గారి దగ్గర కొత్త సర్టిఫికెట్ తీసుకోండి. టైటర్ రిపోర్టులోనే తప్పుంటే ల్యాబ్‌కు రాసి దిద్దించుకోవాలి, ఇది వారాలు పట్టొచ్చు.

టీకా పుస్తకం పోయింది. వేసిన క్లినిక్ రికార్డు నుంచి బ్యాచ్ నంబరుతో సహా కొత్తది రాయించుకోండి. రికార్డు లేకపోతే టీకా మళ్ళీ వేయించి లెక్క మొదటి నుంచి.

చిప్ పాతది, 15 అంకెలు లేవు. రెండో చిప్ వేయించి, పాత నంబరూ కొత్త నంబరూ రెండూ ఒకే సర్టిఫికెట్‌లో చూపించాలి. పాతదాన్ని చదివే స్కానర్ మీరే వెంట పట్టుకెళ్ళడం ఇంకో దారి.

ఏజెంటు "అన్నీ మేం చూసుకుంటాం" అన్నాడు, కాగితాలు చూపించడం లేదు. ప్రతి కాగితం స్కాన్ మీ ఫోన్‌లో ఉండాలి. పాత తేదీ వేసిన టీకా సర్టిఫికెట్ ఇప్పిస్తాననేవాడిని ఆ క్షణమే వదిలేయండి. పట్టుబడితే జంతువును మీ ఖర్చుతో క్వారంటైన్‌లో పెడతారు, వెనక్కి పంపుతారు, కొన్ని దేశాల్లో చంపే అధికారం కూడా ఉంది.

12. తిరిగి తీసుకురావాలంటే

వెళ్ళడానికి తీసుకున్న కాగితాలతో తిరిగి రాలేరు. ఇండియాలోకి రావడానికి ఏక్యూసీఎస్ నుంచి ముందే ఎన్‌ఓసీ కావాలి, ఏక్యూసీఎస్ అనుమతించిన ఊళ్ళలోనే దిగాలి. నివాసం మార్చుకుని వచ్చేసేవాళ్ళకి రెండు జంతువుల దాకా బ్యాగేజీ కింద అనుమతి ఉంటుంది. ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు ఏక్యూసీఎస్ ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ పారేయకండి, తిరుగు దరఖాస్తులో అది అక్కరకొస్తుంది.

13. మీ తేదీ, దాని తేదీ కలవకపోతే

చదువుకి వెళ్ళేవాళ్ళకి ఇదే పెద్ద సమస్య. యూరప్, బ్రిటన్‌లలో యజమాని ప్రయాణానికి ఐదు రోజులు అటూ ఇటూగా జంతువు చేరితేనే అది సొంత జంతువు కింద లెక్క. మీరు రాసిచ్చిన అనుమతి పత్రంతో వేరేవాళ్ళు తీసుకురావచ్చు గానీ ఐదు రోజుల నియమం అప్పుడూ ఉంటుంది. అది దాటితే వాణిజ్య దిగుమతి షరతులు పడతాయి.

అలాంటప్పుడు మీరు ముందు వెళ్ళండి. సెలవులకు వచ్చి, తిరుగు ప్రయాణంలో దాన్ని వెంట తీసుకెళ్ళండి. వెళ్ళేలోపు చిప్, టీకా, టైటర్ పూర్తిచేసి ఫైలు అమ్మానాన్నలకు అప్పగించండి. బూస్టర్ తేదీ వంటింటి క్యాలెండర్ మీద రాసి, దానికి పదిహేను రోజుల ముందే వెట్ దగ్గరకు తీసుకెళ్ళమని చెప్పండి. ఆ బూస్టర్లు వేళ తప్పకుండా పడుతున్నంతకాలం యూరప్‌కి అదే టైటర్ రిపోర్టు చెల్లుతుంది, మళ్ళీ రక్తం తీయించే పని ఉండదు.